చెంచాడు ఊపిరి

దుమ్ము 14వ రోజు

ఈ పుస్తకంలో అంకెలు మాత్రమే రాయాలని రూలు. కొలతల గదిలో నాకంటే ముందు పనిచేసినవాళ్ళంతా అలాగే రాశారు. నేనూ పదకొండేళ్ళుగా అలాగే రాస్తున్నాను. ఫలానా గొట్టం, ఫలానా మీటరు, ఇంత తేడా, సరిచేశాను, యర్రిస్వామి. ఈ రోజు అంకె ఒక్కటే రాసి ఊరుకుంటే రేపు చదివినప్పుడు ఏం కొలిచానో నాకే అర్థం కాదు. అందుకని నాలుగు మాటలు ఎక్కువ రాస్తున్నాను.

ఉదయం మామూలు పనే. బయట దుమ్ము తుపాను పట్టి రెండు వారాలైంది. సోలార్ పలకల మీద ఎండ పడక కరెంటు మూడో వంతుకు దిగింది. ఈ అంగారక గ్రహం మీద, కొండ లోపలి గుహల్లో బతికే మాకు కరెంటంటే వెచ్చదనమే. మా ఊరిని మేం గవి అంటాం. గవి అంతటా గదుల్ని ఇరవై రెండు డిగ్రీల నుంచి పంతొమ్మిదికి దించారు. నీళ్ళు చల్లబడితే వాటిలో శబ్దం నెమ్మదిస్తుంది. మా మీటర్లు కొలిచేది శబ్దంతోనే. కాబట్టి ప్రతి గొట్టం మీటరుకీ కొత్త పట్టిక ఎక్కించాలి. తొమ్మిది అయ్యాయి. పదోదాని దగ్గర మోకాళ్ళ మీద ఉండగా ఆసుపత్రి నుంచి సిస్టర్ శాంతకుమారి పరుగున వచ్చింది.

"యర్రన్నా, గాలిని కొలిచే మీటరు చేస్తావా?"

"ఎంత గాలి?"

ఆమె చిటికెన వేలి కొస చూపించింది. "ఒక టీ చెంచాడు. నిమిషానికి యాభై సార్లు."

మూడు రోజుల కిందట చౌడేశ్వరికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పదకొండు వందల గ్రాములు. గొంతులో సన్నటి గొట్టం వేసి వెంటిలేటర్ మీద ఉంచారు. ఆ గొట్టం మూతి దగ్గరుండే సెన్సర్ నిన్న చచ్చిపోయింది. విడిభాగాలు తెచ్చే ఓడ భూమి నుంచి రావాలంటే ఇంకా పద్నాలుగు నెలలు. సెన్సర్ లేని వెంటిలేటర్ గుడ్డిది, ఎంత గాలి పోతోందో దానికి తెలియదు. నిన్నటి నుంచి డాక్టరమ్మ మెహరున్నీసా, సిస్టర్ వంతులేసుకుని చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ పిల్లను బతికిస్తున్నారు.

గాలి గొట్టాల మీటర్లలో అతి చిన్నదాన్ని విప్పాను. శబ్దం పంపి, అందుకునే దాని రెండు బిళ్ళలూ తీసి బొటనవేలంత గొట్టానికి అటూ ఇటూ బిగించాను. మధ్యలో ఉష్ణోగ్రత చూసే పూస ఒకటి. ఇక్కడ పంతొమ్మిది డిగ్రీల దగ్గర ఒకసారి, ఆసుపత్రి గాజుపెట్టె వేడి ముప్పై నాలుగు కాబట్టి అక్కడ ఒకసారి సరిచూశాను. రెంటి మధ్య ఒక గీత గీసి పట్టిక చేశాను. సాయంత్రం నాలుగింటికి బిగించాం. తెర మీద గుట్టలు గుట్టలుగా ఊపిరి కనపడింది. అయిదు పాయింట్ రెండు మిల్లీలీటర్లు. అయిదు పాయింట్ నాలుగు.

డాక్టరమ్మ సంచి కింద పెట్టి వేళ్ళు విడదీయడానికి తిప్పలు పడింది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

దుమ్ము 17వ రోజు

కరెంటు నాలుగో వంతు. గదులు పద్దెనిమిది డిగ్రీలు. నీటి మీటర్లన్నిటికీ మళ్ళీ పట్టిక.

ఆసుపత్రికి వెళ్ళాను. నా సెన్సర్ బాగానే ఉంది. పిల్లను గాజుపెట్టెలో నుంచి తీసి తల్లి రొమ్ము మీద పడుకోబెడతారట ఇవాళ. చర్మానికి చర్మం తగిలితే అలాంటి పిల్లలు బాగా కోలుకుంటారని డాక్టరమ్మ చెప్పింది. చౌడేశ్వరి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. వేరుశనగ పెంచే అరల దగ్గర పనిచేసే పిల్ల. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పాపను గొట్టాలతో సహా ఎత్తి ఆమె రొమ్ము మధ్యలో బోర్లా పెట్టారు. ఆమె ఊపిరి బిగబట్టింది.

"నువ్వు ఊపిరి తీసుకోమ్మా," అంది సిస్టర్. "నీకేం గొట్టం లేదు కదా."

అందరం నవ్వాం. పన్నెండు నిమిషాలకు అలారం మోగింది. తెర మీద "లీకు 34 శాతం". లోపలికి వెళ్ళే గాలి ఎక్కువ, బయటికి వచ్చేది తక్కువ. అంటే గొంతులో గొట్టం జారుతోందని యంత్రం భయం. జారితే నిమిషాల్లో పిల్ల పోతుంది. సిస్టర్ పాపను లాక్కున్నట్టే తీసి పెట్టెలో పెట్టింది. అయిదారు నిమిషాల్లో లీకు పోయింది.

చౌడేశ్వరి చేతులు ఇంకా పిల్లను పట్టుకున్నట్టే ఉన్నాయి.

దుమ్ము 19వ రోజు

నిన్న రెండుసార్లు, ఇవాళ రెండుసార్లు ప్రయత్నించారు. తల్లి మీద పెట్టిన పది, పదిహేను నిమిషాలకు అలారం. పెట్టెలో పెడితే అంతా సవ్యం. గొట్టం ఎక్కడా జారలేదని స్టెతస్కోపు చెప్తుంది. జారుతోందని యంత్రం చెప్తుంది.

నా తప్పు నాకు తట్టింది. పంతొమ్మిది దగ్గరా ముప్పై నాలుగు దగ్గరా కొలిచి మధ్యలో గీత గీశాను. తల్లి ఒంటి మీద సెన్సర్ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దగ్గర ఉంటోంది. అక్కడ నేను కొలవనేలేదు. పాపను పెట్టెలో ఉంచి గంటసేపు సిస్టర్ చేత సంచి నొక్కించి, సెన్సర్ తెచ్చుకుని, నీళ్ళ తొట్టెలో ముంచిన డబ్బాలో పెట్టి ఒక్కో డిగ్రీ పెంచుతూ కొలిచాను. గీత నిజంగానే కొంచెం వంకర. సరిదిద్దాను. సంతోషంగా తీసుకెళ్ళి బిగించాను.

పద్నాలుగు నిమిషాలకు అలారం.

బయటికి వస్తుంటే చౌడేశ్వరి పిలిచింది.

"అన్నా, నిజం చెప్పు. నా ఒళ్ళు దానికి పడట్లేదా?"

"ఆ మాటేంటికమ్మా?"

"పెట్టెలో ఉంటే బాగుంటాది. నా కాడికొస్తే ఊపిరి పోతాది. ఏడు నెలలకే కడుపులోంచి పంపించేసినా. ఇప్పుడు పైన కూడా పెట్టుకోలేకపోతాండా."

పదకొండేళ్ళుగా నన్ను అడిగిన ప్రశ్నలన్నీ గొట్టాల గురించే. "చూస్తానమ్మా" అని వచ్చేశాను.

దుమ్ము 21వ రోజు

ఇవాళ మధ్యాహ్నం కదిరప్ప రేడియోలో మాట్లాడాడు. చౌడేశ్వరి మొగుడు. పదకొండు కిలోమీటర్ల అవతల పలకల శిబిరంలో ఆరుగురితో చిక్కుకుపోయాడు. తుపాను తగ్గేదాకా బండి కదలదు. వాళ్ళు రోజూ సూట్లు వేసుకుని పలకల మీది దుమ్ము తుడుస్తున్నారు. గంటకల్లా మళ్ళీ పేరుకుంటుంది. మళ్ళీ తుడుస్తున్నారు. ఆసుపత్రి పెట్టె వేడిగా ఉందంటే వాళ్ళ చేతుల వల్లే.

"ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది. గుప్పెడంత తల. నీ మాదిరే నుదురు ముడేస్తాది," అంది చౌడేశ్వరి.

"నీ మీద పడుకోబెట్టినారా?"

"పెట్టినారు," అంది. అలారం సంగతి చెప్పలేదు.

సాయంత్రం గవి పెద్దల కమిటీ నుంచి కాగితం వచ్చింది. కరెంటు అయిదో వంతు. ఇరవై ఏడో రోజు నుంచి గదులు పదిహేడు డిగ్రీలు. గాజుపెట్టెకు కరెంటు ఆపాలి. మిగిలిన కరెంటుతో గవిలో మూడు వందల మందికి గాలి శుద్ధి చేసే పంపులు తిరగాలి, వెంటిలేటర్ నడవాలి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కాగితం తెచ్చిన పెద్దాయన గుమ్మంలోనే నిలబడి, లోపలికి రావడానికి మొహం చెల్లక తిరిగి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "పదిహేడు డిగ్రీల్లో ఈ పిల్ల ఒంటరిగా వేడి నిలుపుకోలేదు. తల్లి రొమ్ము ఒక్కటే దారి. కానీ అక్కడ గొట్టం నిలవట్లేదు. ఇరవై నాలుగో రోజు పొద్దున పదింటికి గొట్టం తీసి లావుది వేస్తాను. లావుదైతే లీకవ్వదు."

"అందులో ప్రమాదమేమన్నా ఉందా మేడం?"

"మొదటిసారి వేసేటప్పుడే నీలం తిరిగిపోయింది. ఒకటిన్నర నిమిషం." ఆమె చేతులు చూసుకుంది. "లావుది పట్టకపోతే గొంతు వాచిపోతాది. అప్పుడు సన్నది కూడా ఎక్కదు."

"సెన్సర్ తప్పు చెప్తోందేమో?"

"యర్రిస్వామీ, నాకూ అదే నమ్మాలనుంది. యంత్రం తప్పని నేను నమ్మి, లీకు నిజమై ఉంటే? రుజువు తీసుకురా. నీ మాట మీద మాత్రం పిల్లను వదలలేను."

దుమ్ము 22వ రోజు

రుజువు ఎలా వచ్చిందో రాస్తాను. తెచ్చింది నేను కాదు.

సిస్టర్ శాంతకుమారి ఖాళీ దొరికితే పాపకు ఊలు టోపీలు అల్లుతుంది. ఇవాళ ఉదయం పాపను తల్లి మీద పెట్టేటప్పుడు, ఒక టోపీ మరీ చిన్నదైపోయిందని నవ్వుతూ నా సెన్సర్‌కి తొడిగింది. "ఇది కూడా చలికి వణుకుతాంది పాపం," అంది.

ఈసారి అలారం నలభై ఒక్క నిమిషాలకు మోగింది.

చౌడేశ్వరి ముఖం ఎప్పుడూ చూడనంతగా వెలిగింది, నలభై ఒక్క నిమిషాలు. పాపను తీసేశాక కూడా "నలభై నిమిషాలుండింది అన్నా" అని రెండుసార్లు చెప్పింది. నేను సెన్సర్‌ని వేళ్ళతో పట్టుకున్నాను. టోపీ తీశాను. కింది వైపు, అంటే ఆమె చర్మానికి ఆనిన వైపు, వెచ్చగా ఉంది. పైవైపు చల్లగా ఉంది.

తొట్టెలో పెట్టినప్పుడు రెండు వైపులా ఒకే వేడి. గాజుపెట్టెలో రెండు వైపులా ఒకే వేడి. తల్లి రొమ్ము మీద మాత్రం ఒక బిళ్ళ ఆమె వేడిలో, ఇంకోటి గది చలిలో ఉన్నాయి; టోపీ ఆ చలిని కాసేపు ఆపింది. నా పూస మధ్యలో ఉండి రెంటికీ సగటు చెప్తోంది. నేను ఎన్ని పట్టికలు చేసినా దానికి ఏం తెలుస్తుంది?

దుమ్ము 23వ రోజు

పొద్దున్నే డాక్టరమ్మను బతిమాలాను. గంటసేపు సెన్సర్ నాకివ్వాలి, చౌడేశ్వరి కావాలి, పాప వద్దు. సిస్టర్ మళ్ళీ సంచి పట్టుకుంది.

సెన్సర్ రెండు మూతులకూ మైనం పెట్టి మూసేశాను. లోపల గాలి కదలడానికి దారి లేదు. దాన్ని చౌడేశ్వరి రొమ్ము మీద, పాప ఉండే చోటే పెట్టాం. ఆమె పైట కప్పుకుని కూర్చుంది. డాక్టరమ్మ తెర ముందు నిలబడింది.

"ఇదేం చేస్తాది అన్నా?" అని అడిగింది చౌడేశ్వరి. కూర్చోబెట్టి ఏమీ చెప్పకపోవడం తప్పనిపించి చెప్పాను.

"గొట్టానికి ఈ చివర ఒక బిళ్ళ, ఆ చివర ఒక బిళ్ళ. రెండూ మనకు వినపడని గొంతుతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. గాలి పోయే దిక్కున పిలుపు బిరీన అందుతాది. గాలికి ఎదురైతే ఆలస్యమవుతాది. ఆ రెంటికీ తేడా ఎంతో, ఊపిరి అంత."

"ఇప్పుడు గాలి లేదు కదా?"

"లేదు. కాబట్టి తేడా సున్నా ఉండాల. కానీ బిళ్ళ వేడెక్కితే అది బదులు పలికే తీరు మారుతాది. రెండూ ఒకే మాదిరి మారితే తేడా రాదు. ఒకటే వేడెక్కితే..."

"ఆగండి," అంది డాక్టరమ్మ.

తెర మీద సున్నా కదిలింది. నిమిషం, రెండు నిమిషాలు. పది నిమిషాలకు సెకనుకి ఒకటిన్నర మిల్లీలీటర్ల గాలి లోపలికి పోతోందని యంత్రం చెప్పింది. మూసేసిన గొట్టంలో, పాప లేని చోట. పద్నాలుగో నిమిషానికి అలారం మోగింది.

సిస్టర్ మాత్రం సంచి నొక్కుతూనే ఉంది, యాభై సార్లు నిమిషానికి.

"చూసినావా అమ్మా," అన్నాను. "తప్పు నీ ఒంటిది కాదు. నా గొట్టానిది. నీ ఒళ్ళు వెచ్చగా ఉండాది, అంతే."

చౌడేశ్వరి ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే సెన్సర్ జారకుండా చేత్తో పట్టుకుంది.

డాక్టరమ్మ రేపటి పని కాగితం తీసి, పదింటి దగ్గర రాసినది కొట్టేసింది. "మూడు రోజులుంది," అంది నాతో. "దిద్దగలవా?"

దుమ్ము 24, 25వ రోజులు

నిద్ర తక్కువ. పని ఎక్కువ. అంకెలు వెనక పేజీల్లో ఉన్నాయి.

ఇప్పుడు ఒక పూస కాదు, రెండు. బిళ్ళకొకటి. కింద ఇంత, పైన ఇంత ఉన్నప్పుడు సున్నా ఎంత కదులుతుందో ప్రతి జతకీ పట్టిక కావాలి. వర్క్‌షాపులో వేడి పలకతో చేద్దామనుకున్నాను. కుదరలేదు. పలక ఒక్కతీరుగా కాలుతుంది, మనిషి ఒళ్ళు అలా కాదు. చౌడేశ్వరి తనే అంది, "నన్నే పెట్టుకో అన్నా. ఎంతసేపైనా కూసుంటా."

రెండు రోజులు గంటకి ఒకసారి చొప్పున కూర్చుంది. సెన్సర్ నా దగ్గరున్న ప్రతిసారీ సిస్టర్, డాక్టరమ్మ వంతులేసుకుని పాపకు సంచి నొక్కారు. సెన్సర్‌ని గుండె మీద పెట్టుకుని, కదలకుండా. మూసిన గొట్టం, గాలి లేదు. గది తలుపు తెరిచి చల్లబరిచి ఒకసారి, దుప్పటి కప్పి ఒకసారి, టోపీ తొడిగి ఒకసారి. ఒక మనిషి ఎన్ని రకాల వేడిగా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నిద్ర లేచినప్పుడు ఒకటి. పాలు పిండిన తర్వాత దాదాపు అర డిగ్రీ ఎక్కువ. రేడియోలో కదిరప్ప గొంతు విన్నాక కూడా పెరిగింది, అది పట్టికలో ఏ పేరుతో రాయాలో తెలియక "మధ్యాహ్నం" అని రాశాను.

ఆ రోజు మొగుడికి నిజం చెప్పింది. అలారాల సంగతి అంతా.

"ఇన్నాళ్ళూ ఏంటికి చెప్పలేదే?" అన్నాడు.

"నువ్వు ఆడ తుడుస్తాండావు. నీకు చెప్తే చేతులాడవని."

"ఇంగా బాగా తుడుస్తాను," అన్నాడు.

కూర్చున్నంతసేపూ ఆమె ఏదో ఒకటి మాట్లాడేది. అరల్లో వేరుశనగ పూత రాలకుండా ఉండాలంటే వేళ్ళకు ఎంత తడి కావాలో చెప్పింది. వేళ్ళు చల్లగా, ఆకులు వెచ్చగా ఉంటే మొక్క అయోమయంలో పడుతుందట. "నీ గొట్టం మాదిరే," అంది. ఈ సంగతి నాకు వారం ముందు తెలిసుంటే ఎంత బాగుండేదో.

దుమ్ము 26వ రోజు

నూట తొంభై రెండు జతలు. పట్టిక ఎక్కించాను. మూసిన గొట్టంతో ఆమె మీద గంటన్నర పెట్టి చూశాం. కింద ముప్పై నాలుగు, పైన పద్దెనిమిది. సున్నా సున్నాగానే ఉంది.

తర్వాత పాపను పెట్టాం. పదిహేను నిమిషాలు దాటింది. నలభై దాటింది. రెండు గంటలు. ఎవరం కుర్చీల్లోంచి లేవలేదు. మూడో గంటలో డాక్టరమ్మ అలా కూర్చునే తల వాల్చేసింది. ఆమె నిద్రపోవడం పన్నెండు రోజుల్లో నేను చూడటం అదే మొదలు.

దుమ్ము 27వ రోజు

ఉదయం ఎనిమిదింటికి గాజుపెట్టె కరెంటు నేనే తీశాను. గాజు మీది ఆవిరి మెల్లగా చల్లబడి చుక్కలైంది. పాప అప్పటికే తల్లి మీద ఉంది, పైన రెండు దుప్పట్లు. గదిలో మేమంతా దుప్పట్లు చుట్టుకుని ఉన్నాం.

పాప ఒంటి వేడి ముప్పై ఆరు పాయింట్ ఏడు. పెట్టెలో ఎన్నడూ ఇంత నిలకడగా లేదని సిస్టర్ చెప్పింది.

దుమ్ము 29వ రోజు

ఇది ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం రెండు దాటింది. డాక్టరమ్మ పక్క గదిలో ఎవరికో కట్టు కడుతోంది. నేను నీటి మీటరు చూసుకుని అలా తొంగిచూశాను. చౌడేశ్వరి కళ్ళు మూసుకుని ఉంది. పాప నిద్రలో ఉంది. సిస్టర్ మందులు లెక్కపెడుతోంది.

అలారం మోగింది. మూడు రోజుల తర్వాత.

సిస్టర్ చెయ్యి అలారం ఆపే బొత్తాం మీదికి వెళ్ళింది. ఆమెను అననక్కర్లేదు. ఇప్పటికి పద్నాలుగుసార్లు మోగింది, పద్నాలుగుసార్లూ అబద్ధమే. "మళ్ళీ వేడేనేమో అన్నా?" అంది నన్ను చూసి.

చౌడేశ్వరి రెండు చేతులూ పాప మీద అడ్డం పెట్టింది. "తియ్యొద్దు సిస్టర్. నిద్రపోతాంది. నీ గొట్టమే అన్నా, ఇంకోసారి చూడు. తియ్యొద్దు."

అవునని అనడం ఎంత తేలికో! నా గొట్టమే తప్పని చెప్పడానికి నాకు అభిమానమేం లేదు. తెర చూశాను. కింద ముప్పై నాలుగు, పైన పదిహేడు. పట్టికలో ఉన్న జతే. రెండు ఊపిరుల మధ్య గాలి కదలని ఒక క్షణం ఉంటుంది. తప్పు సెన్సర్‌దైతే ఆ క్షణంలో కూడా అంకె పలకాలి. అక్కడ సున్నా ఉంది, గీసినట్టు. కానీ ఊపిరి అయిదు లేదు. రెండు పాయింట్ ఒకటి. తర్వాతది ఒకటి పాయింట్ ఆరు.

"సిస్టర్, ఇది వేడి కాదు," అన్నాను. "బిడ్డే. నిజంగా గాలి పోవట్లేదు."

"కాదన్నా..." అంది చౌడేశ్వరి.

"చౌడమ్మా, చెయ్యి తియ్యి."

నేను ఆ మాట అరిచానట. నాకు గుర్తులేదు. ఆమె చేతులు తీసేసింది. సిస్టర్ పాప తల తిప్పి చూసింది. పెదవులు బూడిద రంగులోకి తిరుగుతున్నాయి. సన్నటి గొట్టాన్ని గొంతు గొట్టంలోకి దింపి పీల్చింది. ఏమీ రాలేదు. రెండోసారి పీల్చింది. జిగట, చిక్కగా, బియ్యపు గింజంత ముద్ద వచ్చింది. అంతే, అంత చిన్నది అడ్డం పడింది.

రెండు పాయింట్ ఎనిమిది. నాలుగు. అయిదు పాయింట్ మూడు.

పాప తల్లి మీదే ఉంది. దించే టైము కూడా లేకపోయింది. పెదవులు మొదట చివర్లలో ఎర్రబడ్డాయి, తర్వాత మధ్యలో. డాక్టరమ్మ చేతికి కట్టు గుడ్డ వేలాడుతుండగా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. వచ్చి స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా వింది. తల ఊపింది.

చౌడేశ్వరి పాప వీపు మీద మళ్ళీ చెయ్యి పెట్టింది. "నేను వద్దన్నా," అంది. "నేనే వద్దన్నా అన్నా. నా మాట విని ఉంటే..."

"అన్నిసార్లు అబద్ధం చెప్పి నీ దగ్గర్నుంచి లాక్కున్నాం తల్లీ. పదిహేనోసారి ఎవరు నమ్ముతారు?" అంది సిస్టర్, ఆమె నుదురు తుడుస్తూ.

"మరి నువ్వెట్ల నమ్మినావన్నా?" అని చౌడేశ్వరి నన్ను అడిగింది.

ఆలోచించి చెప్పాను. "ఆ పట్టిక నీ ఒంటిమీద చేసింది కదమ్మా. దాంట్లో నా అంకెలేమీ లేవు. అన్నీ నీవే. నిన్ను నమ్మినా, అంతే."

పక్క గదిలోకి వెళ్ళి గోడకు ఆనుకుని కాసేపు కూర్చున్నాను. సాయంత్రం రెండు నీటి మీటర్లు మిగిలిపోయాయి. రేపు చేస్తాను.

దుమ్ము 38వ రోజు

తుపాను పలచబడుతోందట. కరెంటు మూడో వంతుకు వచ్చింది. గాజుపెట్టె మళ్ళీ వేసుకోవచ్చని కమిటీ చెప్పింది. చౌడేశ్వరి అక్కర్లేదంది. డాక్టరమ్మా అక్కర్లేదంది.

పాప పదమూడు వందల యాభై గ్రాములు. యంత్రం పని తగ్గిస్తూ వస్తున్నారు. నా తెర మీద ఇప్పుడు రెండు రకాల గుట్టలు. యంత్రం ఇచ్చే ఊపిరి నున్నగా ఉంటుంది. పాప సొంతంగా తీసుకునేది ఎగుడుదిగుడుగా, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ఒక్కోసారి మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ. పని మానుకుని చాలాసేపు అదే చూస్తూ కూర్చున్నాను.

దుమ్ము 43వ రోజు

ఉదయం పదిన్నరకు గొంతు గొట్టం తీసేశారు. పాప మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. పిల్లి కూనలా, సన్నగా. ఆసుపత్రి బయట సందులో నిలబడ్డవాళ్ళకు అది వినపడి చప్పట్లు కొట్టారు. సెన్సర్ విప్పి, తుడిచి, కొలతల గదికి తెచ్చి డబ్బాలో పెట్టాను.

దుమ్ము వెలిసిన 2వ రోజు

శిబిరం నుంచి బండి వచ్చింది. కదిరప్ప నేరుగా ఆసుపత్రికి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళ మనిషి, చెవుల వెనక ఎర్రదుమ్ము, అరచేతుల్లో చర్మం లేచిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రా," అంది చౌడేశ్వరి.

"చేతులు సల్లగా ఉండాయి."

"వేడినీళ్ళలో పెట్టుకో. చొక్కా తీసెయ్. చెవుల ఎనక కూడా తుడుచుకో, ఆ దుమ్మంతా దాని ముక్కులోకి పోతాది."

అతను చెప్పినట్టే అన్నీ చేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. సిస్టర్ పాపను ఎత్తి అతని రొమ్ము మీద బోర్లా పెట్టి దుప్పటి కప్పింది. అతను బిగుసుకుపోయి, కళ్ళు మాత్రం తిప్పి గదంతా వెతికాడు.

"ఆ తెర యాడికి పోయింది? అలారం ఏది?" అన్నాడు కంగారుగా. "దానికేమన్నా అయితే ఎట్ల తెలుస్తాది?"

"ఇంగ అవసరం లేదు," అన్నాను. "తీసేసినాం."

"తీసేస్తే ఎట్లన్నా? నాకేం తెల్సు?"

"కదలాకు," అంది చౌడేశ్వరి అతని పక్కన నేల మీద కూర్చుంటూ. "ఊరికే ఉండు కాసేపు."

అతను ఊరికే ఉన్నాడు. పంపుల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. కొంతసేపటికి అతని భుజాలు కిందికి దిగాయి. పాప తల కొంచెం జరిపి గడ్డం కిందికి తెచ్చుకుంది. అప్పుడతను, పెద్దగా మాట్లాడితే ఏదో చెదిరిపోతుందన్నట్టు, పెదవులు కదిపీ కదపకుండా నన్ను పిలిచాడు.

"యర్రన్నా. మెడ కాడ తగుల్తాంది."

"ఏంది?"

"గాలి."

వెచ్చగా ఉందా అని అడగబోయి నోరు మూసుకున్నాను.